ఒంటిపూట ఉద్యోగం, మూడో అంతస్తు ఫ్లాట్: మాకు ఏ కుక్క సరిపోతుంది?

ప్రశ్న: పేరు రాయొద్దన్న ఈ పాఠకురాలిది విశాఖపట్నం. ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ద్వారకానగర్‌లోని ఒక ఆఫీసులో ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా లెక్కలు చూస్తారు. తొమ్మిదికి ఇల్లు వదిలితే తిరిగి వచ్చేసరికి రెండు దాటుతుంది. భర్తది గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. బాబు ఆరో తరగతి. అత్తగారికి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని నడుస్తారు, రోజూ పూజ, మడి.

బాబు రెండేళ్ళుగా కుక్క కావాలని అడుగుతున్నాడు. హైదరాబాద్‌లో ఉండే మరిది, బాబు పుట్టినరోజుకని నలభై రోజుల హస్కీ పిల్లని మాట్లాడి పెట్టి, వచ్చే వారం కారులో తెస్తానంటున్నాడు. భర్త మాత్రం ఉంటే జర్మన్ షెపర్డ్ ఉండాలంటారు. పక్క ఫ్లాట్ వాళ్ళు లాబ్రడార్ అని, ఆఫీసులో వాళ్ళు పగ్ గానీ షిట్జు గానీ చాలని సలహా ఇచ్చారు. అత్తగారేమో కుక్క తిరిగిన ఇంట్లో దీపం పెట్టనన్నారు. పనికి వచ్చే ఆవిడ మానేస్తానంది. అసోసియేషన్ సెక్రటరీ మన బిల్డింగ్‌లో కుక్కలు కుదరవన్నారు.

చివర్లో ఇలా రాశారు: "ఇంట్లో అందరూ 'నువ్వు వెళ్ళేది ఒక్క పూటేగా, చూసుకోవచ్చు' అంటున్నారు. నాకూ కుక్కలంటే ప్రాణం. బొబ్బిలిలో మా పుట్టింట్లో ఎప్పుడూ ఒకటి ఉండేది. కానీ వచ్చాక దాని పనంతా నా మీదే పడుతుందని టెన్షన్‌గా ఉంది. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో ఫుల్‌టైమ్‌కి మారాలని కూడా ఉంది. ఒంటిపూట ఉద్యోగానికి సరిపోయే జాతి ఏదో చెప్పండి, అదే తెచ్చుకుంటాం."

సమాధానం:

మీరు జాతి పేరు అడిగారు. చెప్తాను. అంతకంటే ముందు మీ మధ్యాహ్నాల సంగతి మాట్లాడుకోవాలి. రెండున్నరకి భోజనం, మూడున్నరకి అత్తగారి చేత మోకాళ్ళ వ్యాయామాలు, నాలుగున్నరకి బాబు స్కూలు బస్సు, తర్వాత హోంవర్కు, ఆపైన రాత్రి వంట అని ఉత్తరంలో మీరే రాశారు. ఒంటిపూట ఉద్యోగం ఎంచుకున్నదే ఈ పనుల కోసం. మీకు ఖాళీగా ఉన్న పూట లేదు. ఆఫీసు జీతం రాని పూట ఉంది, అంతే. ఇంట్లో వాళ్ళు కుక్కని ఆ పూట లెక్కలో వేశారు. ఈ లెక్క సరిచేయకుండా ఏ జాతిని తెచ్చినా రెండు నెలల్లో మీకు కుక్క మీదా, మనుషుల మీదా విసుగు వస్తుంది. అందులో కుక్క తప్పేమీ ఉండదు.

ఇక మీ పనివేళలు కుక్కకి సరిపోతాయా అంటే, ఎదిగిన కుక్కకి బాగానే సరిపోతాయి. ఎదిగిన కుక్క రోజులో సగం పడుకునే ఉంటుంది. ఉదయం మంచి నడక, తిండి అయ్యాక నాలుగైదు గంటలు ఒంటరిగా ఉండటం దానికి కష్టం కాదు. చిన్న పిల్ల అయితే కథ వేరు. రెండు నెలల పిల్ల పగలు రెండు గంటలు ఆగడమే గొప్ప, రాత్రి కూడా ఒకటి రెండుసార్లు లేవాలి. ఇల్లు పాడుచేయకుండా అలవాటు కావడానికి ఆరు నెలల వయసు దాకా పట్టొచ్చు. పైగా టీకాల వరుస సుమారు నాలుగు నెలల వయసుకి గానీ పూర్తికాదు. ఈలోగా వీధి కుక్కలు తిరిగే నేల మీద దింపితే పార్వో లాంటి జబ్బు సోకే ప్రమాదం ఉంది, పిల్లలు దానికి తట్టుకోలేవు. అంటే మొదటి రెండు మూడు నెలలు అంతా ఇంట్లోనే. మడి పాటించే ఇంట్లో, మీరు లేని ఐదు గంటలూ ఆ తడి ఎవరు తుడుస్తారు? మోకాళ్ళ నొప్పులున్న మనిషి తడి గచ్చు మీద కర్రతో నడవడం నాకైతే భయంగా ఉంది. కాబట్టి జాతి ఏదైనా, చిన్న పిల్లని తేవద్దన్నదే నా అభిప్రాయం. మీ ఇంటికి ఏడాదిన్నర, రెండేళ్ళు దాటిన కుక్క నప్పుతుంది. జాతి కంటే ఈ వయసు సంగతే మీ రోజుల్ని ఎక్కువ మారుస్తుంది.

హస్కీ గురించి గట్టిగా చెప్తున్నాను, ఒప్పుకోకండి. సైబీరియాలో మంచు మీద బండి లాగడానికి చుక్చీ ప్రజలు పెంచిన జాతి అది. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. కుక్క ఒళ్ళు చల్లబడేది ప్రధానంగా నాలుక చాపి రొప్పడం వల్ల. నోటిలో తడి ఆరితేనే వేడి దిగుతుంది. విశాఖ ఉక్కపోతలో మన చెమటే ఆరదు, దాని నాలుక ఎలా ఆరుతుంది? బొచ్చు గొరిగించేద్దామంటారు కొందరు. అది ఎండ నుంచి కూడా కాపాడే పొర కాబట్టి గొరిగిస్తే ఇంకో చిక్కు. ఇక ఏసీ వేస్తామంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు కదా. తుఫాను దాకా ఎందుకు, మే నెలలో రెండు గంటలు కరెంటు పోయినా అది అల్లాడిపోతుంది. పైగా పరిగెత్తడానికి పుట్టిన కుక్క, రోజూ గంటా రెండు గంటలు ఒళ్ళు అలవాలి. అలవకపోతే తలుపులు గీకుతుంది, ఊళ పెడుతుంది. మీ మరిది ప్రేమతోనే తెస్తున్నారని నాకు అర్థమైంది. కానీ ఆ ప్రాణి మన ఊరి మూడో అంతస్తులో సుఖంగా బతకదు.

జర్మన్ షెపర్డ్ తెలివైన జాతి, మీ వారి ఇష్టంలో తప్పులేదు. ఆ తెలివికి రోజూ పని చెప్పాలి, శిక్షణ ఇవ్వాలి. షిఫ్టు మారినప్పుడల్లా నిద్రవేళలు మారే మనిషి అది నిలకడగా చేయగలరా అని ఆయన్నే అడగండి. లేకపోతే మెట్ల మీద వచ్చే ప్రతి మనిషినీ చూసి మొరుగుతూ ఉంటుంది. ఇంకొకటి, ఈ జాతికీ లాబ్రడార్‌కీ వయసు మీరాక తుంటి కీళ్ళ జబ్బు ఎక్కువ. ముప్ఫై కిలోల కుక్క పదో ఏట మెట్లు దిగలేకపోతే రోజుకి మూడు సార్లు మూడంతస్తులు ఎత్తుకుని దింపేది ఎవరు? లిఫ్ట్ లేని ఇంట్లో కుక్కని ఎంచుకునేటప్పుడు దాని ముసలితనాన్ని కూడా చూడాలి. ఎవరూ చూడరు, ఆ బాధ తర్వాత కుక్క పడుతుంది. మీది కింది పోర్షనై, చిన్న పెరడు ఉండి ఉంటే లాబ్రడార్‌ని నేనే ముందు చెప్పేదాన్ని. పిల్లలతో దానంత మెతకగా ఉండేవి తక్కువ. కానీ రెండేళ్ళ దాకా కనిపించిందల్లా నములుతుంది, తిండి అదుపులో పెట్టకపోతే లావెక్కిపోతుంది, బొచ్చు ఏడాది పొడవునా రాలుతుంది.

బీగిల్ సైజు చూసి ఫ్లాట్‌కి బాగుంటుందనుకుంటారు. వేటలో గుంపుగా తిరగడానికి పెంచిన జాతి కాబట్టి ఒంటరితనం దానికి పడదు, గొంతెత్తి ఏడిస్తే రెండు బిల్డింగుల అవతలికి వినిపిస్తుంది. డాష్‌హండ్ పొడుగాటి వెన్నుకి మీ మెట్లు మంచివి కావు. ఈ రెండూ వదిలేయండి.

పగ్ గురించి నాకు మనసులో బాధ ఉంది. చప్పిడి ముక్కు వల్ల అది పుట్టినప్పటి నుంచీ ఊపిరికి కష్టపడుతూనే ఉంటుంది. ఆ గురకని ముద్దుగా చూస్తాం గానీ అది దానికి ఇబ్బంది. మే నెల ఉక్కలో మూడంతస్తులు ఎక్కించడం దానికి ప్రమాదం. షిట్జుకీ ముక్కు చిన్నదే, ఎండ పడదు. కాకపోతే ఐదారు కిలోలే ఉంటుంది, చంకలో పెట్టుకుని మెట్లు దిగొచ్చు, చిన్న నడక చాలు, మొరగడం తక్కువ. దానికి బదులు జుట్టు పని ఉంటుంది. రోజూ దువ్వాలి, లేదా నెలన్నరకోసారి పొట్టిగా కత్తిరించాలి. రోజూ కళ్ళు తుడవాలి, వారం వారం చెవులు చూడాలి. మన తేమ గాలికి చర్మం మీద ఫంగస్ తొందరగా వస్తుంది. షిట్జు తెస్తే నడక పని తగ్గి దువ్వెన పని పెరుగుతుంది. ఆ దువ్వెన ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చుకోండి.

మన ఇళ్ళలో పామరేనియన్ అని పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. బొబ్బిలిలో మీ పుట్టింట్లో ఉండేది కూడా అదే అయి ఉండొచ్చు. చిన్నది, చురుకైనది, తరాల నుంచి మన వాతావరణానికి అలవాటు పడింది, మామూలు ఇంటి తిండితో కూడా బాగానే బతుకుతుంది. ఇబ్బంది దాని గొంతు. కొరియర్ అబ్బాయికీ, పాల ప్యాకెట్ అతనికీ, ఎదురింటి తలుపు చప్పుడుకీ మొరుగుతుంది. మీ వారు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునే ఇల్లు మీది. తెల్ల బొచ్చు పూజగది దాకా ఎగిరి వెళ్తుంది. ఈ రెండూ భరించగలమనుకుంటే మాత్రం మంచి కుక్క.

ఇక ఎవరూ మీకు చెప్పనిది చెప్తాను. మన నాటు కుక్క. పొట్టి బొచ్చు, పెద్దగా రాలదు, వారానికోసారి తడిగుడ్డతో తుడిచినా శుభ్రంగా ఉంటుంది. మన ఎండకీ ఉక్కకీ పుట్టిన ఒళ్ళు. కావాలని లక్షణాలు కలిపి పెంచిన జాతి కాదు కాబట్టి తుంటి జబ్బులూ ఊపిరి జబ్బులూ తక్కువ. ఆడకుక్క అయితే పదిహేను కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, అవసరమైతే మీ వారు ఎత్తుకోగలరు. నగరంలో 1996 నుంచి పనిచేస్తున్న విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ లాంటి సంస్థల దగ్గర, జంతు ప్రేమికుల ఇళ్ళలో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి టీకాలు పడిన ఎదిగిన కుక్కలు దత్తత కోసం ఎదురు చూస్తుంటాయి. పిల్లని తెస్తే పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. రెండేళ్ళ కుక్క అయితే దాని స్వభావం కళ్ళముందే ఉంటుంది. పిల్లలతో ఎలా ఉంటుంది, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది, పటాసులకి ఎంత భయపడుతుంది అని ఇన్నాళ్ళూ చూసుకున్నవాళ్ళని అడగొచ్చు. మీ ఇంట్లో ఒక ముఖ్యమైన పరీక్ష ఉంది: చేతికర్ర. వీధిలో దెబ్బలు తిన్న కుక్క కర్ర చూస్తే బెదిరిపోతుంది, కొన్ని తిరగబడతాయి. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచే మనిషిని చూసి ప్రశాంతంగా ఉండే కుక్కనే ఎంచుకోండి. బాబునీ మీ వారినీ వెంటబెట్టుకుని రెండు మూడుసార్లు వెళ్ళి చూడండి, మొదటిరోజే తెచ్చేయకండి.

దీనికీ కష్టాలున్నాయి. కొత్త మనుషుల్ని తొందరగా నమ్మదు. బంధువులు ఎక్కువగా వచ్చే ఇల్లయితే మొదట్లో మొరుగుతుంది. మొదటి నెల మీరు తలుపు వేసుకుని వెళ్తుంటే ఏడవొచ్చు. అందుకే తెచ్చిన వారం మీరో మీ వారో సెలవు పెట్టి, ముందు ఐదు నిమిషాలు, తర్వాత పావుగంట, తర్వాత గంట అలా బయటికి వెళ్ళి వస్తూ అలవాటు చేయాలి. మన కొల్లేరు వైపు జోనంగి అనే జాతి ఉంది, పొట్టి బొచ్చుతో చూడముచ్చటగా ఉంటుంది. మన రాష్ట్రపు కుక్క కాబట్టి ఎవరైనా చెప్పొచ్చు. కానీ నేల తవ్వడం, ఆరుబయట తిరగడం దాని స్వభావం, ఫ్లాట్‌లో కట్టేయడం అన్యాయం.

మీ ఉత్తరంలో ఇంకో మాట నన్ను ఆలోచింపజేసింది, ఫుల్‌టైమ్‌కి మారాలని ఉందన్నారు. కుక్క పన్నెండు పద్నాలుగేళ్ళు బతుకుతుంది. బాబుకి ఇప్పుడు పదకొండు. మరో ఐదేళ్ళకి ఇంటర్, మన దగ్గర ఇంటర్ అంటే చాలా ఇళ్ళలో హాస్టలే. అంటే "నా కుక్క" అని అడుగుతున్న పిల్లాడు మొదటి ఐదేళ్ళే దాని దగ్గర ఉంటాడు. మిగతా కాలం అది మీ ఇద్దరి కుక్క. బాబుకి వద్దని చెప్పమని కాదు, మీ ఇద్దరికీ కావాలనిపిస్తేనే తేవాలని చెప్తున్నాను. మీరు ఫుల్‌టైమ్‌కి మారితే ఒంటరి సమయం తొమ్మిది గంటలవుతుంది, అది ఏ కుక్కకైనా ఎక్కువే. అప్పుడు మధ్యాహ్నం ఎవరైనా వచ్చి కిందకి తీసుకెళ్ళాలి. కుక్క కోసం మీ ఉద్యోగం ఆగిపోకూడదు. అలాగే ఉద్యోగం మారిందని కుక్కని ఎవరికో ఇచ్చేయకూడదు.

మీ వారితో ఇలా మాట్లాడి చూడండి. ఉదయం షిఫ్ట్ అయితే సాయంత్రం నడక ఆయనది. మధ్యాహ్నం షిఫ్ట్ అయితే ఉదయం నడక ఆయనది. నైట్ అయితే పడుకుని లేచాక సాయంత్రం నడక ఆయనది. మిగిలిన నడక మీది. ఏ వారమైనా రోజుకి ఒక నడక ఆయన చేతిలో ఉండాలి. బాబు నీళ్ళు మార్చడం, గిన్నె కడగడం, దువ్వడం చేయగలడు. వీధి కుక్కల గుంపులున్న సందుల్లో ఒక్కణ్ణే బెల్ట్ పట్టించి పంపొద్దు. రోజూ ఒకే దారిలో, ఒకే వేళకి వెళ్తే ఆ వీధి కుక్కలు కొన్నాళ్ళకి అలవాటు పడతాయి. మీకు అప్పూఘర్ వైపు బీచ్ దగ్గరే, ఎండాకాలంలో ఉదయం ఆరున్నర లోపే వెళ్ళి రండి. సాయంత్రమైతే రోడ్డు మీద అరచేయి ఆన్చి చూడండి, మీరు ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. వచ్చాక చెవుల వెనుక, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకండి. మన ఊళ్ళో అవి ఏడాదంతా ఉంటాయి, వాటి వల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇదంతా చేయగలమో లేదో తెలుసుకోవడానికి కుక్క అక్కర్లేదు. ఈ నెలంతా రోజుకి రెండుసార్లు, వాన పడ్డా సరే, ఆ వంతుల ప్రకారమే ముగ్గురూ మూడంతస్తులు దిగి అరగంట నడిచి రండి. బాబు పదో రోజుకే బద్ధకిస్తే కోప్పడకండి, వాడి వయసు అది. ఆ నడక చివరికి ఎవరి మీద పడిందో మాత్రం మీ ముగ్గురికీ కనిపిస్తుంది.

అత్తగారి మాట దగ్గర నేను ఆగుతున్నాను. మీరు లేని ఐదు గంటలూ కుక్కతో ఇంట్లో ఉండేది ఆవిడే. ఆవిడ్ని కాపలాగా లెక్కవేయకూడదు, ఆవిడకి తెలియకుండా తెచ్చేసి తర్వాత సర్దుకుంటారులే అనుకోనూ కూడదు. ఆచారమా, భయమా, పడిపోతానేమోననా, ఏది ఆవిడ్ని ఆపుతోందో విడిగా కూర్చుని అడగండి. ఆచారమైతే పూజగదికీ వంటింటికీ నడుమెత్తు గేటు పెట్టి, కుక్క హాలూ బాల్కనీ దాటదని మాటివ్వొచ్చు. పడిపోతానన్న భయమైతే అది నిజమైన భయం, మీరు లేనప్పుడు కుక్కని వేరే గదిలో ఉంచాలి. ఇవన్నీ చెప్పాక కూడా వద్దంటే ఇప్పటికి వద్దనే అర్థం. పనికి వచ్చే ఆవిడతో కూడా అలాగే మాట్లాడండి. ఆవిడ వచ్చే వేళకి కుక్కని గదిలో ఉంచుతామంటే చాలామంది ఒప్పుకుంటారు.

అసోసియేషన్ గురించి టెన్షన్ పడకండి. పెంపుడు జంతువుల్ని నిషేధించే తీర్మానం చేసే హక్కు అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ కాగితంతో మొదలుపెట్టకండి. మెట్ల మీద బెల్ట్ చేతిలోంచి వదిలేది లేదనీ, మలం మేమే ఎత్తుతామనీ, రేబిస్ టీకా సర్టిఫికెట్, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) లైసెన్సు చూపిస్తామనీ సెక్రటరీకి ముందే చెప్పండి. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించిన రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడ ఉంటుందో కూడా ఇప్పుడే అనుకోండి, పండగ ముందు వెతికితే దొరకదు.

మీ ముందు మూడు దారులున్నాయి. నెల నడకా నిలిచి, అత్తగారూ ఒప్పుకుంటే రెండేళ్ళ నాటు కుక్క. నడక కుదరదు, దువ్వెన పని మాత్రం చేయగలమంటే ఎదిగిన షిట్జు. మూడోది, ఒకటి రెండేళ్ళు ఆగి మీ ఉద్యోగం సంగతి తేలాక మళ్ళీ ఆలోచించడం. ఈలోగా బాబు ఆదివారాలు దత్తత కేంద్రానికి వెళ్ళి కుక్కలకి స్నానం చేయించడంలో చేయి కలపొచ్చు, మీ సందులో కుక్కకి మీతో కలిసి నీళ్ళ తొట్టె పెట్టొచ్చు. వాడికి తక్షణం ఏడుపొస్తుంది, రావాలి కూడా. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే నా మొగ్గు మొదటి దారి వైపు. ఫుల్‌టైమ్ వచ్చే ఏడాదే ఖాయమనుకుంటే మాత్రం మూడోది.

మరిదికి ఇవాళే ఫోన్ చేయండి, మీ వారి చేతే చేయిస్తే ఇంకా మంచిది. కుక్కని వద్దన్నట్టు కాకుండా, "ఈ ఊరి ఉక్కకి హస్కీ బతకదు, మేమే వెళ్ళి బాబుతో కలిసి వేరేది చూస్తాం, నీ బహుమతిగా దాని ఏడాది టీకాల ఖర్చు నువ్వు పెట్టుకో" అని చెప్పమనండి. నలభై రోజుల పిల్లని అమ్మడం నిబంధనలకి విరుద్ధమని కూడా ఆయనకి తెలియాలి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా కుక్కపిల్లని అమ్మకూడదు. ఆ వయసులో తల్లినీ తోబుట్టువుల్నీ విడిచిన పిల్లకి భయం, కరిచే అలవాటు ఎక్కువవుతాయి. అడ్వాన్స్ పోయినా పర్వాలేదు, ఎనిమిది వారాలు నిండేదాకా దాన్ని తల్లి దగ్గరే ఉంచమని ఆ అమ్మేవాళ్ళకి గట్టిగా చెప్పమనండి.